మూకీ చిత్రానికి మాటలు : ఒక టైటిల్ రచయిత వృత్తి జీవితం

మూకీ చిత్రమనగా మాట లేని చిత్రమని అందరూ ఎరిగినదే. అటువంటి చిత్రానికి మాటలు వ్రాయడమే జీవనోపాధిగా గల రచయితలు ఉండేవారని చెబితే, వినేవారికి అదొక పొడుపు కథ వలె తోచవచ్చు. కాని అది నిజంగా ఉండిన వృత్తి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికా చిత్రపరిశ్రమ ఆ వృత్తికి జీతమిచ్చింది. తెర మీద పేరు వేసింది. ఒకే ఒకసారి బహుమతి కూడా ఇచ్చింది. అటు తరువాత కొద్ది సంవత్సరాలకే దానిని మరచిపోయింది.

నటుడు పెదవులు కదుపుతాడు. బొమ్మ తొలగి నల్లని ఫలకం మీద తెల్లని అక్షరాలు కనబడతాయి. ప్రేక్షకుడు చదువుకొంటాడు. మరల బొమ్మ వస్తుంది. ఆ అక్షరాల ఫలకానికి టైటిల్ కార్డు అని పేరు. దానిని వ్రాసినవాడు టైటిల్ రచయిత. లారెల్, హార్డీల చిత్రాలు చూసి నవ్వని విద్యార్థి అరుదు. బక్కపలుచని లారెల్ తల గోకికొనడం, స్థూలకాయుడైన హార్డీ మెడపట్టీని వ్రేళ్లతో అటూ ఇటూ ఆడించడం చాలామందికి పరిచితమే. కాని వారి మూకీ చిత్రాలలో కనబడే కార్డులను వ్రాసిన హెచ్. ఎం. వాకర్ పేరు ఎరిగినవారు బహు స్వల్పం. ఆయన వృత్తి జీవితాన్ని ఆధారం చేసుకొని, ఈ కళ ఎట్టిదో, ఎందుకు వర్ధిల్లి ఎందుకు అంతరించిందో ఈ వ్యాసంలో వివరించదలచినాము. తక్కువ మాటలతో వ్రాయడం ఎంతటి పనియో, ఆ పనికి లోకం ఎటువంటి మర్యాద చేస్తుందో తెలిసికొనడానికి వాకర్ జీవితం మంచి ఉదాహరణ.

కార్డు అవసరం ఎట్లు కలిగింది?

చలనచిత్రం పుట్టిన తొలినాళ్లలో చిత్రం ఒకటి రెండు నిమిషాలకు మించేది కాదు. రైలు రావడం, కార్మికులు కర్మాగారం నుండి వెలుపలికి రావడం వంటి దృశ్యాలకు వివరణ అక్కరలేదు. చిత్రంలో కథ ప్రవేశించిన తరువాత చిక్కు వచ్చింది. ఈ స్త్రీ ఎవరు? ఆమె ఎందుకు ఏడుస్తున్నది? ఇది మరునాడా, మరుసటి సంవత్సరమా? కొన్ని చోట్ల తెర ప్రక్కన ఒక వ్యాఖ్యాత నిలిచి కథ చెప్పేవాడు. జపాన్ దేశంలో ‘బెన్షి’ అనబడే ఈ వ్యాఖ్యాతలు గొప్ప కళాకారులుగా పేరు పొంది, 1930 తరువాత కూడ కొంతకాలం నిలిచారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక నుండి పాడి, మాటలాడి బొమ్మకు ప్రాణం పోసే ఆటగాడిని చూసినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. కాని ఒకే చిత్రం వందలాది ఊళ్లకు వెళ్లవలసి వచ్చినప్పుడు, వివరణ కూడ ఫిల్మ్‌తో పాటే ప్రయాణం చేయవలసి వచ్చింది. ఆ అవసరం నుండి కార్డు పుట్టింది.

కార్డులు ముఖ్యంగా రెండు విధాలు. కాలాన్నీ స్థలాన్నీ పాత్రలనూ పరిచయం చేసేవి ఒక రకం. పాత్ర పలికిన మాటను తెలిపేవి రెండవ రకం. మొదట్లో ఇవి కేవలం సమాచారం చెప్పేవి. 1916 ప్రాంతంలో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన హాస్య చిత్రాలకు అనితా లూస్ అనే యువ రచయిత్రి వ్రాసిన కార్డులు చూసి ప్రేక్షకులు నవ్వడం మొదలుపెట్టారు. బొమ్మను చూసి నవ్వడం వేరు, అక్షరాలను చదివి నవ్వడం వేరు. కార్డు తానే నవ్వు పుట్టించగలదని తెలిసిన తరువాత, దానిని వ్రాయగలవారికి గిరాకీ ఏర్పడింది. రాల్ఫ్ స్పెన్స్ అనే రచయిత దెబ్బతిన్న చిత్రాలను కార్డులతోనే బ్రతికించే వైద్యుడని పేరు పొందాడు.

అయితే ఈ పనికి ఒక కఠినమైన హద్దు ఉండేది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములుంటాయి. సెకనుకు 16 ఫ్రేముల వేగంతో నడిపితే ఒక అడుగు ఫిల్మ్ ఒక సెకనులో గడచిపోతుంది. కార్డు ఎనిమిది సెకన్లు నిలవాలంటే ఎనిమిది అడుగుల ఫిల్మ్ కావాలి. ఒక రీలు సుమారు 1,000 అడుగులు. చిన్న హాస్యచిత్రం ఒకటి లేక రెండు రీళ్లు. పది మాటలలో చెప్పదగినదానిని ఇరవై మాటలలో చెప్పిన రచయిత ఫిల్మ్‌ను వ్యర్థం చేస్తాడు. అంతకంటె ఘోరంగా, నటుని చేష్ట వలన పుట్టిన నవ్వును మధ్యలో తుంచివేస్తాడు. పైగా హాలులో వేగంగా చదివేవాడూ ఉంటాడు, కూడబలుకుకొని చదివేవాడూ ఉంటాడు. ఇద్దరికీ అది ఒకేసారి అందాలి.

అందుచేతనే కార్డులంటే గిట్టని హాస్యనటులు కూడ ఉండేవారు. సాధారణ చిత్రంలో 240 కార్డుల దాకా ఉండేవనీ, తాను ఏ చిత్రంలోనూ 56కు మించి వాడలేదనీ బస్టర్ కీటన్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. జర్మనీలో 1924లో మూర్నా తీసిన ‘ది లాస్ట్ లాఫ్’ చిత్రం దాదాపు కార్డులు లేకుండానే కథ నడిపింది. మాట లేకుండా చెప్పగలగడమే మూకీ చిత్రానికి పరమావధి అయితే, మాటలు వ్రాసేవాడు అక్కడ ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు వాకర్ తన పనిద్వారా సమాధానం చెప్పాడు.

పత్రిక నుండి స్టూడియోకు

హార్లీ ఎం. వాకర్ ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. మిత్రులు ఆయనను ‘బీనీ’ అని పిలిచేవారు. లాస్ ఏంజిలిస్ నగరంలోని ‘ఎగ్జామినర్’ దినపత్రికలో ఆయన క్రీడా రచయితగా పేరు సంపాదించాడు. 1916లో హాల్ రోచ్ నడుపుతున్న చిన్న చిత్రసంస్థలో చేరాడు. రోచ్‌కు అప్పటికి ఉన్న పెద్ద ఆస్తి హెరాల్డ్ లాయిడ్ అనే యువ హాస్యనటుడు. సంస్థ పెరిగి కల్వర్ సిటీలో స్థిరపడింది. లాయిడ్ తరువాత చార్లీ ఛేజ్, 1922 నుండి ‘అవర్ గ్యాంగ్’ పిల్లల బృందం, 1927 నుండి లారెల్, హార్డీల జంట ఆ సంస్థకు కీర్తి తెచ్చారు. వీరందరి మూకీ చిత్రాలకూ కార్డులు వ్రాసినది ప్రధానంగా వాకరే. 1932 వరకు ఆయన అక్కడే ఉన్నాడు. పదహారు సంవత్సరాలు ఒకే సంస్థలో, నటులు మారినా, దర్శకులు మారినా, కార్డుల మీది గొంతు మాత్రం మారలేదు.

క్రీడా రచయితకు ఈ పని ఎట్లు పట్టుబడిందన్నది ఆలోచించదగిన విషయం. పత్రికలో క్రీడా వార్త వ్రాసేవానికి మూడు అలవాట్లు ఉంటాయి. గడువు తప్పకూడదు, చోటు మించకూడదు, ఆటగాడెవరో పాఠకునికి ఒక్క వాక్యంలో కళ్లకు కట్టించాలి. అంతేకాక, ఆట ముగిసిన తరువాతనే అతని పని మొదలవుతుంది. గోలు పడిందో లేదో అతని చేతిలో లేదు. జరిగినదానికి మాట అతికించడమే అతని వంతు. టైటిల్ రచయిత పని కూడ అటువంటిదే. కథ అల్లేవారు వేరు, తీసేవారు వేరు, కోసి అతికే ఎడిటర్ వేరు. బొమ్మ ఒక రూపానికి వచ్చిన తరువాత టైటిల్ రచయిత దానిని చూసి, ఎక్కడ మాట కావాలో, ఎక్కడ అక్కరలేదో నిర్ణయించుకొని వ్రాస్తాడు. రోచ్ సంస్థలో చిత్రాన్ని విడుదలకు ముందు సాధారణ ప్రేక్షకుల మధ్య ప్రదర్శించి, నవ్వు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చప్పబడిందో గమనించి సవరించే అలవాటుండేది. అనగా రచయితకు పరీక్ష పెట్టేది విమర్శకుడు కాదు, చీకటి హాలులో కూర్చున్న జనం.

మొదటి మిస్రా కార్డు, రెండవ మిస్రా బొమ్మ

మా కళాశాల సంచిక పాఠకులలో ఉర్దూ సాహిత్యం చదివేవారు అనేకులున్నారు. షేర్‌లో రెండు మిస్రాలు ఉంటాయి. మొదటి మిస్రా విన్నవాడు ఒక దిక్కుగా ఊహిస్తాడు; రెండవ మిస్రా ఆ ఊహను ఇంకొక దిక్కుకు త్రిప్పుతుంది. సభలో ‘వాహ్’ అన్న ధ్వని ఆ మలుపు దగ్గర లేస్తుంది. తెలుగు చాటు పద్యంలో కూడ చమత్కారం తరచుగా చివరి పాదంలోనే దాగి ఉంటుంది. వాకర్ మంచి కార్డులలోని కిటుకు ఇదే. అయితే ఆయన రెండవ మిస్రాను తాను వ్రాయడు. దానిని బొమ్మకు విడిచిపెడతాడు.

1923లో వచ్చిన హెరాల్డ్ లాయిడ్ చిత్రం ‘సేఫ్టీ లాస్ట్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఎత్తైన భవనం మీద గడియారపు ముల్లు పట్టుకొని కథానాయకుడు వ్రేలాడే దృశ్యం ఈ చిత్రంలోనిదే. చిత్రం ప్రారంభంలో ఒక కార్డు వస్తుంది. ఈ కుర్రవాడు తన ఊరిలో సూర్యోదయాన్ని చివరిసారి చూశాడనీ, ఇక సుదీర్ఘమైన ప్రయాణానికి సిద్ధమవుతున్నాడనీ దాని భావం. వెంటనే బొమ్మ: ఇనుప కడ్డీల వెనుక నిలుచున్న యువకుడు, వెనుక వ్రేలాడుతున్న ఉరిత్రాడు వంటి ఉచ్చు, కంట తడి పెట్టుకొన్న తల్లి, ప్రియురాలు, మతగురువు. ప్రేక్షకుడు ఇతనికి మరణశిక్ష పడిందని నిశ్చయించుకొంటాడు. అంతలో కెమెరా చోటు మారుతుంది. ఆ కడ్డీలు రైల్వే స్టేషన్ గేటువి. ఆ ఉచ్చు, కదిలే రైలు నుండి సిబ్బంది సందేశాన్ని అందుకొనడానికి పట్టాల ప్రక్కన ఏర్పాటు చేసినది. కుర్రవాడు ఉద్యోగం కోసం పట్నం వెళ్తున్నాడు, అంతే.

ఇక్కడ గమనించవలసినది ఒకటి కలదు. కార్డులో అబద్ధం ఒక్కటి కూడ లేదు. అతడు ఆ ఊరిలో సూర్యోదయం చూడడం చివరిసారే, ప్రయాణం దీర్ఘమైనదే. కార్డును విడిగా చదివితే నవ్వు రాదు. బొమ్మను విడిగా చూస్తే సగం భ్రాంతియే కలుగుతుంది. రెండూ కలిసినప్పుడే మోసం, మోసం విడిపోయినప్పుడే నవ్వు. నటుని పనిని తన చేతిలోకి తీసికొనకుండ, అతనికి రంగం సిద్ధం చేసి ప్రక్కకు తప్పుకొన్నాడు రచయిత.

రెండవ ఉదాహరణ 1929లో వచ్చిన ‘బిగ్ బిజినెస్’. లారెల్, హార్డీలు ఎండ కాసే కాలిఫోర్నియాలో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతారు. జేమ్స్ ఫిన్లేసన్ నటించిన గృహస్థు ఒకడు వద్దంటాడు. మాటా మాటా పెరిగి వారు అతని ఇల్లు పగులగొడతారు, అతడు వారి కారును ముక్కలు చేస్తాడు. ఒక చెంప మీద కొడితే రెండవ చెంప చూపమన్న ధర్మబోధ అందరూ ఎరిగినదే కదా. ఇది అట్లే రెండవ చెంప చూపి, ముక్కు మీద గుద్దు తిన్నవాని కథ అని వాకర్ మొదటి కార్డు చెబుతుంది. చిత్రం ఎట్టి దారిలో నడుస్తుందో ఒక్క వాక్యంతో సూచించాడు. ధ్వంసకాండ ఊపందుకొన్న తరువాత కార్డులు పలుచబడతాయి. కిటికీ పగిలేటప్పుడు దానికి వ్యాఖ్య అక్కరలేదని రచయిత ఎరుగును.

మూడవది ‘ది మ్యూజిక్ బాక్స్’. ఇది 1932 నాటి టాకీ చిత్రమే అయినా, ప్రారంభంలో కార్డు వేసే పాత అలవాటు అప్పటికి ఇంకా పోలేదు. తమ సమస్త ఆర్థిక వ్యవస్థనూ పునర్వ్యవస్థీకరించుకొనడానికి లారెల్, హార్డీలు ఇరువురూ నిశ్చయించారనీ, కావున ఉన్న మూడు డాలర్ల ఎనభై సెంట్లు తీసికొని వ్యాపారంలో దిగారనీ ఆ కార్డు తాత్పర్యం. వాక్యం పెద్ద కంపెనీ నివేదిక వలె గంభీరంగా మొదలవుతుంది. చిల్లర డబ్బుల దగ్గర చతికిలబడుతుంది. తాము గొప్పవారమనుకొనే ఇద్దరు నిరుపేదల స్వభావమంతా ఆ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది. ఆ తరువాత వారు ఒక పియానోను పొడవైన మెట్ల వరుస మీదికి ఎక్కించడానికి పడే పాట్లే చిత్రమంతా.

నవ్వులోని దోషం

ఈ కళను పొగడడమే మా ఉద్దేశం కాదు. పది మాటలలో ఒక మనిషిని పరిచయం చేయాలనే తొందరలో రచయిత చేతికి సులువుగా తగిలేది అరిగిపోయిన అచ్చు. పిసినారి ఈ జాతివాడు, దొంగ ఆ రంగువాడు, తెలివితక్కువవాడు ఫలానా యాసవాడు అని చూపితే వివరించే శ్రమ తప్పుతుంది. ఆనాటి అమెరికా హాస్యచిత్రాల కార్డులలో నల్లజాతివారి పలుకును వంకర వర్ణక్రమంతో వ్రాసి వెక్కిరించినవి, యూదులను, చైనావారిని హేళన చేసినవి ఉన్నవి. ‘అవర్ గ్యాంగ్’ చిత్రాలు కూడ ఈ దోషానికి అతీతం కావు. నల్ల, తెల్ల పిల్లలు కలిసి ఆడుకొనడాన్ని ఆ బృందం తెర మీద చూపింది. రంగును బట్టి మనుషులను వేరు చేసి ఉంచిన ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. కాని ఆ పిల్లలలో నల్లవారి నోట పెట్టిన మాటలు తరచు పాత అచ్చులోనివే.

నేడు ఆ చిత్రాలు చూసేవారు బొమ్మ దగ్గర నవ్వి, కార్డు దగ్గర తల దించుకొనే సందర్భాలున్నవి. పిల్లవాడు తన సహజమైన నటనతో స్వతంత్రుడైన మనిషిగా కనబడతాడు. క్రింద అక్షరాలు అతనిని అచ్చులో బిగించివేస్తాయి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదివే మనకు ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. లాయిడ్ పాత్రనూ, లారెల్, హార్డీలనూ పరిచయం చేసే మంచి కార్డులలో నవ్వు ఆ మనిషి ఆశకూ అతని స్థితికీ మధ్యనున్న దూరం నుండి వస్తుంది. అటువంటి నవ్వు ఎవరి జాతినీ నొప్పించదు, అందుకే పాతబడలేదు. క్లుప్తతకు రెండు దారులున్నవి: మనిషిని శ్రద్ధగా చూసి సారం పిండడం ఒకటి, చూడకుండా ముద్ర వేయడం ఇంకొకటి. ఆనాటి కార్డులలో రెండూ కనబడతాయి.

భాష మారితే

మూకీ చిత్రానికి ఒక గొప్ప సౌలభ్యం ఉండేది. కార్డులు తీసి వేరొక భాషలో కార్డులు అతికిస్తే చాలు, చిత్రం ఆ దేశపుదైపోయేది. మన దేశంలో 1913 నాటి ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’కు ఇంగ్లీషుతో పాటు దేశభాషలలో కూడ కార్డులుండేవి. తరువాతి మూకీ చిత్రాలలో ఒకే కార్డు మీద రెండు మూడు భాషలు వేసే పద్ధతి వ్యాపించింది. చదువు రానివారి కోసం ప్రక్కనున్నవారు బిగ్గరగా చదివి వినిపించేవారు. 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను నిర్మించినదీ ఈ మూకీల కాలంలోనే. అదే సంవత్సరం ‘బిలాత్ ఫెరత్’ అనే వ్యంగ్య హాస్యచిత్రంతో పేరు పొందిన ధీరేన్ గంగూలీ, 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి మూకీ చిత్రాలు తీశాడు. కావున మూకీ హాస్యం మన నగరానికి పరాయిది కాదు.

కాని సౌలభ్యం వెనుక నష్టం కూడ ఉన్నది. కథ చెప్పే కార్డు సులభంగా అనువాదమవుతుంది. శ్లేష మీద ఆధారపడిన కార్డు సరిహద్దు దాటగానే చచ్చిపోతుంది. స్వదేశంలో ఎక్కువగా చప్పట్లు కొట్టించిన కార్డులే పరదేశంలో మొదట రాలిపోయాయి. పైగా పాత మూకీలలో అనేకం మూలప్రతులు నశించి, విదేశాలకు పంపిన ప్రతులే మిగిలాయి. 1927 నాటి లారెల్, హార్డీ చిత్రం ‘డక్ సూప్’ నశించిందని భావించారు. 1974లో ఒక ప్రతి దొరికింది. అదే సంవత్సరపు ‘హ్యాట్స్ ఆఫ్’ నేటికీ దొరకలేదు. ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’ రెండవ రీలు పూర్తి ప్రతి 2015లో బయటపడింది. విదేశీ ప్రతి ఒక్కటే దొరికినచోట, మూలపు కార్డులను ఆ పరభాష నుండి మరల ఇంగ్లీషులోకి అనువదించుకొనవలసి వస్తుంది. అప్పుడు నటుని చేష్ట యథాతథంగా నిలుస్తుంది. రచయిత వాక్యం మాత్రం ఇంకొకరి వాక్యంగా మారిపోతుంది.

ధ్వని వచ్చిన తరువాత

1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ విడుదలయింది. అందులో పాటలు వినబడినా, కథలో చాలా భాగం కార్డులతోనే నడిచింది. కాని దారి స్పష్టమయింది. 1929 మే నెలలో అకాడమీ బహుమతులను మొట్టమొదటిసారి ప్రదానం చేసినప్పుడు టైటిల్ రచనకు కూడ ఒక బహుమతి ఏర్పరచి, ‘ది బిగ్ పరేడ్’ వంటి చిత్రాలకు కార్డులు వ్రాసిన జోసెఫ్ ఫార్నమ్‌కు ఇచ్చారు. జార్జ్ మారియన్ జూనియర్, అప్పటికే మరణించిన జెరాల్డ్ డఫీ పోటీలో నిలిచినవారు. రెండు రీళ్ల చిన్న చిత్రాలకు వ్రాసిన వాకర్ పేరు ఆ జాబితాలో లేదు. మరుసటి సారికి ఆ బహుమతియే లేదు. ఒక వృత్తికి లభించిన తొలి సన్మానమే దానికి వీడ్కోలు సభ అయినది.

అదే 1929 మే నెలలో లారెల్, హార్డీల మొదటి టాకీ వచ్చింది. దాని పేరు ‘అన్ అకస్టమ్డ్ యాజ్ వియ్ ఆర్’. అలవాటు లేని మాకు నాలుగు మాటలు చెప్పే భాగ్యం కలిగించారు అంటూ సభలో వక్తలు వినయంగా మొదలుపెట్టే వాక్యంలోని ముక్క అది. మూగతెర మీది నటులు తొలిసారి నోరు విప్పుతున్నారని ఇంతకంటె పొందికగా చెప్పడం కష్టం. సంభాషణలు వ్రాసినది వాకరే. టైటిల్ రచయిత సంభాషణ రచయితగా మారాడు.

మారడం పేరులో సులభమే గాని, పనిలో సులభం కాలేదు. కార్డు మీది వాక్యాన్ని కన్ను చదువుతుంది. అది తీరికగా, చెక్కినట్లు ఉండవచ్చు. నోటి మాటను చెవి వింటుంది. అది తడబడవచ్చు, తెగిపోవచ్చు, మరల మొదలు కావచ్చు. లారెల్, హార్డీల టాకీలలో మనలను నవ్వించేది చెక్కిన వాక్యం కాదు. ఒకడు చెప్పిన తెలివితక్కువ మాటను ఇంకొకడు గ్రహించడానికి పట్టే ఆలస్యం. వ్రాసియిచ్చిన సంభాషణను చిత్రీకరణ సమయంలో లారెల్, ఆయన సహచరులు తమ నోటికి అనువుగా మార్చుకొనేవారు. వాకర్ చేతివ్రాత చెక్కుచెదరకుండ నిలిచిన చోటు, బొమ్మ మొదలు కాకముందు వచ్చే ఆ ఒక్క కార్డు మాత్రమే.

అనువాదపు చిక్కు కూడ తలక్రిందులయింది. కార్డు మార్చితే సరిపోయే చిత్రాన్ని ఇప్పుడు మరల తీయవలసి వచ్చింది. 1930 ప్రాంతంలో రోచ్ సంస్థ స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ మొదలైన భాషలలో ఒకే కథను మరల మరల చిత్రీకరించింది. ఆ భాషలు రాని లారెల్, హార్డీలు కెమెరా వెలుపల నల్లబల్ల మీద ఉచ్చారణానుసారంగా వ్రాసిన మాటలు చూసి పలికేవారు. ఖర్చు భరించలేక కొద్ది కాలానికే ఆ పద్ధతి మానుకొన్నారు.

1932లో వాకర్ రాజీనామా చేశాడు. ఆయన సంభాషణలు, తొలి కార్డు ఉన్న ‘ది మ్యూజిక్ బాక్స్’కు ఆ సంవత్సరం చివరలో చిన్న హాస్యచిత్రాలకు ఏర్పరచిన మొదటి అకాడమీ బహుమతి లభించింది. ఆ బహుమతి నిర్మాతకు దక్కింది. మన దేశంలో 1931లో ‘ఆలం ఆరా’ హిందుస్తానీలో మాటలాడగా, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర పూర్తిగా నోరు విప్పింది. మన భాషకు తెర మీద మాట వచ్చిన సంవత్సరమే, మాట లేని తెరకు మాటలు వ్రాసిన వాకర్ తన పదహారేండ్ల కొలువు విడిచాడు. 1937లో ఆయన మరణించాడు.

తోటి టైటిల్ రచయితలలో కొందరు నిలదొక్కుకొన్నారు. పారమౌంట్ సంస్థలో కార్డులు వ్రాసిన హెర్మన్ మాంకివిచ్, 1941 నాటి ‘సిటిజన్ కేన్’ రచనలో ఆర్సన్ వెల్స్‌తో పాటు అకాడమీ బహుమతి పొందాడు. అనితా లూస్ నవలా రచయిత్రిగా కీర్తి గడించింది. చార్లీ చాప్లిన్ ఒక్కడు మొండిగా 1931లో ‘సిటీ లైట్స్’, 1936లో ‘మోడర్న్ టైమ్స్’ చిత్రాలలో కార్డులనే నిలుపుకొన్నాడు. మిగిలినవారిలో అనేకుల పేర్లు చిత్ర చరిత్రకారులు తప్ప ఎవరూ ఎరుగరు.

ముగింపు

టైటిల్ కార్డు పోయినది గాని, టైటిల్ రచయిత ఎదుర్కొన్న చిక్కు పోలేదు. పరభాషా చిత్రం చూసేటప్పుడు తెర క్రింద కనబడే ఉపశీర్షికను ఎవరో ఒకరు వ్రాస్తున్నారు. వారికి కూడ దక్కేది రెండు పంక్తులు, కొద్ది సెకన్లు. వారు కూడ నటుని ముఖం మీది నుండి ప్రేక్షకుని చూపును ఎక్కువసేపు లాగకూడదు. మూలంలోని శ్లేష దాటదని తెలిసినప్పుడు, మాటను విడిచి మనిషిని పట్టుకోవాలి. రెండు భాషలు చేతనైనవారికే ఇది సాధ్యం. ఉర్దూ, తెలుగు రెండింటి మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఆ చేతనైనతనం ఇంటనే లభించింది. అది ఒక జీవనోపాధి కాగలదని కూడ వారు గుర్తించాలని మా కోరిక.

వాకర్ వ్రాసిన వాక్యాలలో ఏవి బ్రతికాయో చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తమ చమత్కారాన్ని తామే చాటుకొన్నవి ఆ కాలంతోనే వాడిపోయాయి. ఒక జాతిని అచ్చులో బిగించినవి నేడు సిగ్గు కలిగిస్తున్నవి. రైలు గేటు ముందు నిలిచిన కుర్రవానికీ, మూడు డాలర్ల ఎనభై సెంట్లతో వ్యాపారం మొదలుపెట్టిన ఇద్దరు అమాయకులకూ దారి చూపి ప్రక్కకు తప్పుకొన్న వాక్యాలు మాత్రం, ఆ బొమ్మ తెర మీద కదిలినంత కాలం, ప్రతి ప్రదర్శనలోనూ మొట్టమొదటి నవ్వును పుట్టిస్తూనే ఉన్నవి.